వానసీమ కాలువ

గంగ కత్తి మీద కూర్చుంది.

గోనెసంచి కింద కత్తి, సంచి మీద గంగ. అరచెయ్యంత వెడల్పున్న చెరకుకత్తి, నిన్ననే సానబట్టింది. పిడి బయటికి కనబడకుండా చీర కుచ్చెళ్ళు లాక్కుని, గోడకి వీపు ఆనించి కూర్చుంది.

సన్యాసి ఇల్లంతా వెతికాడు. ఇల్లంతా అంటే ఎంత? నాలుగు రెల్లు గోడలు, ఒక పొయ్యి, పైన చెరకాకు కప్పు. చూరులో చెయ్యి పెట్టి తడిమాడు. పొయ్యి పక్క కట్టెలు కాలితో చెదరగొట్టాడు. బియ్యం డబ్బా బోర్లించాడు. ఆఖరికి పెళ్ళాం వంక చూశాడు.

"లెగు."

"లెగను."

"గంగా, మంచిగా సెప్తన్నాను. లెగు."

"సంపెయ్యి. లెగను."

మూల చాప మీద రామన్న పడుకుని ఉన్నాడు. నెత్తికి కట్టిన చీరపేలిక ఇంకా తడిగా, ఎర్రగానే ఉంది. పొద్దున్న కాలువ గట్టున పక్క పొలం లచ్మన్ పారకామతో కొట్టిన దెబ్బ అది. రామన్న సన్యాసికి తోడబుట్టినవాడు కాదు. విశాఖపట్నం వైపు వేరే ఊరివాడు. మద్రాసు రేవులో ఒకే ఓడ ఎక్కారు, నడిసముద్రంలో ఒకే పళ్ళెంలో తిన్నారు, ఈ దీవిలో నవువా చెరకు తోటల్లో ఒకే కూలి లైనులో ఐదేళ్ళు గిర్మిట్ ఒప్పందపు చాకిరీ చేశారు. ఓడలో ఒకసారి అన్నా అంటే ఇక చచ్చేదాకా అన్నే. అలాంటి తమ్ముడి నెత్తురు కళ్ళారా చూశాక సన్యాసికి ఒళ్ళు తెలియడం లేదు.

"ఆడు నా తమ్ముడి బుర్ర పగలగొట్టాడే! నాను గాజులేసుకుని కూకుంటానా?"

"నువ్వెల్లి ఆడి బుర్ర పగలగొట్టు. ఆడి తమ్ముళ్ళిద్దరూ వచ్చి నీ బుర్ర పగలగొడతారు. తరవాత పోలీసులొస్తారు. నాను, సంద్ర ఎక్కడికెల్లాలి? సెప్పు."

సన్యాసి ఆమె జుట్టు పట్టుకుని లాగాడు. గంగ కదలలేదు. డొక్కలో తన్నాడు. ఆమె ఊపిరి ఆగినట్టయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా కాళ్ళు నేలకి అదిమిపెట్టి కూర్చుంది. రెండోసారి చెయ్యి చాపితే ఆ చేతిని పట్టుకుని మణికట్టు మీద కసిగా కొరికింది.

"రాక్షసీ!" అని చెయ్యి విదిలించుకున్నాడు సన్యాసి.

గుమ్మంలో ఆరేళ్ళ చంద్ర నిలబడి చూస్తోంది. ఏడవడం లేదు. అమ్మానాన్నలు కొట్టుకుంటుంటే ఏడవకూడదని ఆ పిల్లకి ఎవరు నేర్పారో!

"మావా," అంది గంగ ఆయాసంతో, "సంద్ర ఊపిరి ఇను. ఒక్కసారి ఇను."

సన్యాసి పిల్ల వైపు తిరిగాడు. పిల్ల ఊపిరి వినబడలేదు. అదే గంగ వినమన్నది.

నవువాలో ఆ పిల్ల ఊపిరి గది బయటికి వినబడేది. అక్కడ వాన కురవని వారం లేదు. ఆరేసిన బట్ట ఆరేది కాదు, చాప కింద బూజు, పొయ్యిలో కట్టె పొగే తప్ప మంట లేదు. పెద్ద కొడుకు ఆ చలిలోనే దగ్గి దగ్గి మూడేళ్ళు నిండకుండా పోయాడు. చంద్రకీ అదే గరగర మొదలయ్యాక గంగే పట్టుబట్టింది, ఎండ ఉన్న చోటికి పోదామని. పడమటి దిక్కున బా అనే ఊరి దగ్గర కౌలుకి భూమి దొరికింది. వచ్చి ఐదు వారాలు. మొదటి వారంలోనే పిల్ల దగ్గు ఆగిపోయింది. ఇప్పుడు ఎండలో మేకపిల్లలాగా గెంతుతోంది.

కానీ మనుషులు? అక్కడ పక్క గది నాగమ్మ అప్ప తన అన్నం తీసి గంగ పిల్లలకి పెట్టేది. గంగ పురిటినాడు ఏరు అవతలి కాయివీతీ మూలవాసుల ముసలామె, భాష తెలియకపోయినా, ఉడికిన దాలో దుంపలు ఆకులో కట్టి తెచ్చి ఒళ్ళో పెట్టి వెళ్ళింది. ఇక్కడ ఐదు వారాల్లో ఒక్కరు గుమ్మం తొక్కలేదు. దారిలో ఎదురైతే మదరాజీలు అనేసి తల తిప్పుకుంటారు. అక్కడ వానకి ఏడ్చి, ఇక్కడ మనుషులకి ఏడవడమేనా అని గంగకి రోజూ దుఃఖం వచ్చేది.

"వదినా," రామన్న గొంతు పీలగా వచ్చింది. "దాహం."

ఇంట్లో చుక్క లేదు. తెచ్చుకునే కాలువ నీళ్ళు పొద్దుటి కొట్లాటలో బురదయ్యాయి. గంగ మెల్లిగా లేచింది. లేస్తూనే కత్తిని గోనెసంచిలో చుట్టి చంకన పెట్టుకుంది. రెండో చేత్తో కిరసనాయిలు డబ్బా అందుకుంది.

"వాగుకెల్లి నీలు తెస్తాను. నానొచ్చేదాకా ఈడి తల ఒళ్ళో ఎట్టుకుని కూకో. కదిల్తే తమ్ముడు సస్తాడు," అంది.

తమ్ముడి పేరు చెప్పి కట్టేస్తే సన్యాసి కూర్చుంటాడని ఆమెకి తెలుసు. కూర్చున్నాడు.

*

వాగుకి దారి లచ్మన్ పెరటి పక్కనుంచే. వేరే దారి లేదు. మిట్టమధ్యాహ్నం, నేల అరికాలు కాలుస్తోంది. గంగ తల వంచుకుని, సంచి గట్టిగా చంకకి అదుముకుని నడిచింది.

బావి దగ్గర లచ్మన్ పెళ్ళాం ప్రేమ్‌వతి ఉంది. ఒక చేతిలో చంటిబిడ్డ, ఇంకో చేతిలో తాడు. గంగని చూసి తాడు వదిలేసింది.

"మీవాడు బతికే ఉన్నాడా?" అని అడిగింది హిందీలో.

లైన్లలో పనిచేసినవాళ్ళకి హిందీ రాకుండా ఉంటుందా? గంగ అదే భాషలో కోపంగా అంది, "ఉన్నాడు. నీ మొగుడికి సంతోషమేనా?"

"సంతోషమా!" ప్రేమ్‌వతి పకపకా నవ్వింది.  "ఇలా రా. వచ్చి నా సంతోషం చూడు."

వెళ్ళకూడదనుకుంటూనే గంగ వెళ్ళింది. ప్రేమ్‌వతి చేద బావిలోకి జారవిడిచింది. నీళ్ళ చప్పుడు రాలేదు. రాయి మీద ఇనుము పడ్డ చప్పుడు వచ్చింది. పైకి లాగితే అడుగున గుప్పెడు బురద.

"ఎనిమిదేళ్ళుగా ఉన్నాం ఇక్కడ. ఎంత ఎండలోనూ ఈ బావి ఎండలేదు. పైన మీ పొలంలో ఊట పల్లం ఉందే, వానల్లో అక్కడ నీరు నిలుస్తుంది, ఎండల్లో ఇక్కడ ఊరుతుంది. మీరొచ్చి ఆ పల్లానికి గండి కొట్టి నీళ్ళన్నీ వాగులోకి వదిలేశారు. మూడు వారాలకి బావి ఎండింది."

గంగ బావిలోకి తొంగిచూసింది.

"వాగులో గుంటల్లో పశువులు దిగిన నీళ్ళే. నాకు వేరే నీళ్ళేవి? అవే తాగాను, అవే వీడికి పట్టాను." బిడ్డ మీది గుడ్డ తీసి చూపించింది. నెల నిండని మగబిడ్డ. పొట్ట లోపలికి పోయి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "నాలుగు రోజులుగా విరేచనాలు. ఏడవడానికి కూడా ఓపిక లేదు వీడికి."

గంగ ఆ బిడ్డని చూసింది. తన పెద్దవాడు పోయే ముందు రోజు ఇలాగే చూశాడు, ఎవరినీ చూడకుండా.

"చెప్పలేదేం మాకు?" అంది. 

"చెప్పలేదా? మూడుసార్లు వచ్చాడు నా మనిషి. కాలువ పూడ్చు, కాలువ పూడ్చు అని మొత్తుకున్నాడు. మీ ఆయన పార ఎత్తాడు."

నిజమే. మూడుసార్లూ గంగ గుమ్మంలోంచి విన్నది.

"పూడ్చమన్నాడు. బావి సంగతి చెప్పాడా?"

ప్రేమ్‌వతి వింతగా చూసింది. "పల్లం నీళ్ళు పోతే బావి ఎండుతుందని వేరే చెప్పాలా? ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు."

ఇక్కడ తెలుసు. నవువాలో పసిపిల్లలకి తెలిసింది వేరు. అక్కడ కొత్త నేల మీద అడుగుపెడితే ఇల్లు కట్టుకోక ముందే కాలువ తవ్వుతారు. నీరు నిలిస్తే చెరకు వేరు కుళ్ళిపోతుంది. ఎవడైనా వచ్చి నీ కాలువ పూడ్చు అన్నాడంటే వాడు నీ పంట నాశనం కోరేవాడే. అక్కడ తలకాయలు పగిలిందంతా అందుకే. లచ్మన్ మొదటిసారి ఆ మాట అన్నప్పుడు సన్యాసి, "సూశావా, మనం బాగుపడితే ఓర్వలేడు," అన్నాడు. గంగ అవునంది. అవునన్నది తనే! వచ్చిన రోజు మొగుడు, మరిది కాలువ తవ్వుతుంటే తట్టలతో మట్టి మోసింది తనే. సాయంత్రానికి పల్లం నీళ్ళు గలగలా పారుతుంటే చూసి మురిసిపోయింది కూడా తనే.

ఆ బిడ్డ కాళ్ళు పట్టుకుని ఏడవాలనిపించింది గంగకి. ఏడవలేదు. డబ్బా అక్కడే పెట్టి, "ఈ నీళ్ళు కాచి పట్టు బహినీ. కాచకుండా ఇవ్వకు," అంది. తర్వాత గుర్తొచ్చింది, డబ్బా ఖాళీదని. మళ్ళీ దాన్నెత్తుకుని వాగుకి నడిచింది.

*

వాగు నుంచి తెచ్చిన నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. సంచి గోడకి ఆనించింది. చూసిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ సన్యాసి తమ్ముడి నెత్తి వైపే చూస్తున్నాడు.

"కాలవ పూడ్సేద్దాం మావా. ఇప్పుడే."

"పూడ్సనే పూడ్సను."

"బిడ్డ సచ్చిపోతాడు."

"నా తమ్ముడు సచ్చిపోతే? బావి ఎండితే మనిసిని కొట్టేస్తారా? పూడిస్తే సెరుకు కుళ్ళిపోద్ది, తెల్దా నీకు?"

"కుల్లడానికి వానేదీ?" గంగ గొంతు పెరిగింది. "ఐదు వారాలైంది. ఒక్క సినుకు పడిందా? ఏటి సూసి కుల్లిపోద్ది? ఇది నవువా కాదు మావా! ఎండకోసం ఇక్కడికొచ్చి వానకి కాలవ తవ్వుకున్నాం మనం!"

 జవాబు దొరకని మగవాడికి చెయ్యి దొరుకుతుంది. ఆ చెంపదెబ్బకి గంగ పొయ్యి మీద పడబోయి గుంజ పట్టుకుంది. పెదవి చిట్లింది.

"మూట కట్టు," అన్నాడు సన్యాసి వగరుస్తూ. "ఆడి సంగతి తేల్సేసి నవువా ఎల్లిపోదాం. అక్కడ మనోల్లున్నారు. నాగమ్మప్ప ఉంది. వానైనా మన మనుసులు. ఈ ఎండా వద్దు, ఈల్ల మొకాలూ వద్దు."

"నాగమ్మప్ప సంద్రకి ఊపిరిస్తాదా?"

పొయ్యి మీద నీళ్ళు చిన్నగా మరగడం మొదలెట్టాయి.

"అన్నా," అన్నాడు రామన్న కళ్ళు మూసుకునే. "ముందు నానే కొట్టాను."

"ఏటి?"

"ఆడు మట్టి పోస్తన్నాడు. ఎనకనించెల్లి ఈపు మీద తన్నాను. కాలవలో పడ్డాడు. లెగిసి అప్పుడు కొట్టాడు." నెత్తి మీది పేలిక తడుముకున్నాడు. "సెప్దామనుకున్నాను. నీ కోపం సూసి సెప్పలేదు."

సన్యాసి ముఖం నల్లబడింది. కోపం దిగుతుందని గంగ ఎదురుచూసింది. దిగలేదు. తప్పు తమదని తెలిశాక ఎక్కే కోపం ఒకటుంటుంది. అది అసలు కోపం కన్నా చెడ్డది. సన్యాసి తమ్ముడిని ఏమీ అనలేక, పెళ్ళాన్ని ఇంకా కొట్టలేక, గోడని గుద్దాడు. రెల్లు విరిగి చెయ్యి అవతలికి పోయింది.

గంగ మూల ఉన్న పార భుజాన వేసుకుని బయటికి నడిచింది. చంద్ర వెంటబడితే, "బాబాయి కాడ ఉండు," అని కసిరింది.

ఆ తొందరలో గోడకి ఆనించిన సంచి సంగతి మరిచిపోయింది.

*

కాలువ మొదట్లో, పల్లం అంచున, లచ్మన్ పొద్దున్న పోసిన మట్టి సగం కొట్టుకుపోయి ఉంది. పక్కనే రామన్న నెత్తురు ఎండి నల్లటి మచ్చైంది. గంగ చీర ఎగ్గట్టి కాలువలోకి దిగింది. ఒక్కో పార మట్టి తీసి గండిలో వేసి, మడమతో తొక్కి, మళ్ళీ వేసింది. డొక్కలో తన్నిన చోట ప్రతి పారకీ కలుక్కుమంటోంది.

సగం పని అయ్యేసరికి గట్టు మీద కేక వినబడింది.

"మళ్ళీ తవ్వుతున్నారా! నీ మగాళ్ళు చాల్లేదని నువ్వొచ్చావా!"

లచ్మన్. దూరం నుంచి పార లేవడం, దిగడం చూసి తవ్వుతోందనుకున్నాడు. చేతిలో కర్ర. గంగ తల ఎత్తేలోపే ఆ కర్ర ఆమె వీపు మీద పడింది. ఆమె మోకాళ్ళ మీద బురదలో కూలింది. రెండో దెబ్బకి ఎత్తిన కర్ర గాల్లో ఆగిపోయింది.

అతను గండి చూశాడు. కొత్తమట్టి చూశాడు. మట్టి మీద ఆమె పాదాల అచ్చులు చూశాడు.

కర్ర పక్కన పడేశాడు. క్షమించమనలేదు. కాలువలోకి దిగి చేతులతో మట్టి తోడి గండిలో వేయసాగాడు. గంగ లేచి పార అందుకుంది.  అతని పెదవులు పగిలి ఉన్నాయి. ఎన్నాళ్ళుగా సరిగ్గా నీళ్ళు తాగలేదో. కాసేపటికి గట్టు మీద ప్రేమ్‌వతి బిడ్డతో వచ్చి నిలబడింది.

గండి జానెడు మిగిలింది. ఆ జానెడు చోటులోంచి నీరు బలంగా దూకుతోంది. లచ్మన్ వంగి, రాయి ఒకటి దొర్లించి అడ్డం పెడుతున్నాడు. ప్రేమ్‌వతి కెవ్వుమంది.

గంగ తిరిగి చూసింది. సన్యాసి గట్టు మీది నుంచి దూకాడు. చేతిలో కత్తి. పెళ్ళాం వీపు మీద కర్ర పడడం ఇంటి ముందు నుంచి చూశాడు కాబోలు. కర్ర పారేయడం చూసి ఉండడు. చూసేలోపు కత్తి కోసం లోపలికి పరిగెత్తి ఉంటాడు.

"మావా, ఒద్దు!"

పారని అడ్డం పెట్టింది. కత్తి పారకామని తాకి పక్కకి జారి, లచ్మన్ మెడ మీద పడాల్సింది భుజం మీద పడింది. తడి గుడ్డ చింపినట్టు చప్పుడైంది. లచ్మన్ గండికి అడ్డంగా కూలబడ్డాడు. అతని ఒంటి చుట్టూ తిరిగి వెళ్ళే నీరు ఎర్రగా వాగు వైపు సాగింది.

గంగ కొంగు ఉండచుట్టి గాయంలో కుక్కింది. రెండు చేతులా అదిమింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు వేడిగా వస్తూనే ఉంది. లచ్మన్ ఆమె చెయ్యి తోసేశాడు.

"నాలా," అన్నాడు. "ముందు నాలా మూయి. నీళ్ళు పోతున్నాయి."

సన్యాసి కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నరికినవాడు, నరికించుకున్నవాడు ఒకరినొకరు చూసుకున్నారు. ప్రాణం పోతున్న మనిషి నీళ్ళ గురించి అడుగుతున్నాడు. ఆ మాట సన్యాసికి ఎక్కడ తగిలిందో, కత్తి చేతిలోంచి జారి గట్టు వారన బురదలో పడింది.

"సూత్తా ఉంటావేటి!" గంగ అరిచింది. "పార అందుకో!"

సన్యాసి పార అందుకున్నాడు. పిచ్చివాడిలా మట్టి తవ్వి పోశాడు. ఏడుస్తూ పోశాడు. ప్రేమ్‌వతి బిడ్డని గట్టున పడుకోబెట్టి దిగింది, ఆమె, గంగ ఇద్దరూ లచ్మన్‌ని గట్టు మీదికి లాగారు. అతని తల ఒళ్ళో పెట్టుకుని గంగ గాయం అదిమి పట్టింది. కింద గండి మూసుకుంది. ఐదు వారాల తర్వాత పల్లంలో నీరు మెల్లిగా నిలవసాగింది.

అప్పుడు చెరకు తోటలోంచి కేకలు వినబడ్డాయి. లచ్మన్ తమ్ముళ్ళిద్దరూ. వదిన అరుపు విని కొడుతున్న చెరకు వదిలేసి వస్తున్నారు. చేతుల్లో కత్తులు అలాగే ఉన్నాయి.

గంగ ఒక చేత్తో గాయం అదిమే ఉంచి, రెండో చెయ్యి చాపి బురదలోని కత్తి లాక్కుంది. కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

చంద్ర కూడా ఇంటి దగ్గర నుంచి ఒకే పరుగున వచ్చేసింది. తల్లి వీపుకి అతుక్కుని నిలబడింది. అంత దూరం పరిగెత్తి వచ్చినా పిల్ల గుండెలో గరగర లేదు.

పెద్ద తమ్ముడు గట్టెక్కాడు. అన్నని చూశాడు. కాలువలో పార పట్టుకుని నిలబడ్డ సన్యాసిని చూశాడు.

"ఎవరు నరికారు?"

ప్రేమ్‌వతి గంగని చూసింది. నిండుతున్న పల్లాన్ని చూసింది. పక్కన పడుకోబెట్టిన బిడ్డని చూసుకుంది. ఆమె నోరు తెరవలేదు.

అతని కళ్ళు గంగ చీర అంచు దగ్గర ఆగాయి. నెత్తురంటిన కత్తి పిడి రెండంగుళాలు బయటికి కనబడుతోంది.

"లే," అన్నాడు.

కత్తి అంచు చీరలోంచి తొడని కోస్తోంది. గంగ లేవలేదు.